ఎడమకి లాగే జత

స్కీలకి సాన పట్టి బతికాను అంటే ఎవరూ నమ్మరు. అమెరికాలో దక్షిణాన ఈ అల్ఫారెట్టాలో మా అమ్మాయి ఇంట్లో కూర్చుని చెప్తున్నాను కనక మీకు ఇంకా నమ్మబుద్ధి కాదు. ఇక్కడ వేలెడు మంచు పడితే స్కూళ్ళు మూసేసి పాలప్యాకెట్లకి పరిగెడతారు. అమెరికాలో చేసిన ఫస్ట్ జాబ్ గురించి చెప్పమని మన తెలుగు సంఘం పత్రిక పిల్లలు అడిగారు. నాకు రాయడం రాదు. సంతకం వస్తుంది, బస్సు మీద బోర్డు కూడబలుక్కుని చదవగలను. నేను చెప్తుంటే వాళ్ళలో ఈ అమ్మాయి రాసుకుంటోంది. మధ్యమధ్య ఆగి "నిజంగానా ఆంటీ?" అంటోంది. నువ్వు రాయమ్మా, నిజమో కాదో తర్వాత చూసుకుందాం.

డెబ్భైలు అయిపోతున్న రోజులు. కొలరాడోలో బాగా ఎత్తు మీద ఒక గని ఊళ్ళో ఉండేవాళ్ళం. మా ఆయన ఆ గనిలో యంత్రాలు చూసే ఇంజనీరు. నాకు మేనబావ. ఆయన చదువుకున్నాడు, నేను మా నాన్న కొలిమి దగ్గర పెరిగాను. మా నాన్న కొడవళ్ళకి కక్కు కొట్టి పళ్ళు తేల్చేవాడు, కత్తులకి సాన పట్టేవాడు. తిత్తి ఊదడం, ఆకురాయి పట్టడం నాకు అక్షరాలకంటే ముందే వచ్చాయి. అక్షరాలు తర్వాత కూడా రాలేదనుకోండి.

చలికాలం మొదట్లో ఒక రోజు బావ గని దగ్గర బట్టలు మార్చుకునే గదిలో బెంచీ మీద కూర్చుని అలాగే పక్కకి ఒరిగిపోయాడట. గుండె. ఊళ్ళో మాకు తెలిసిన తెలుగువాళ్ళు ఆసుపత్రి డాక్టరుగారూ ఆయన భార్యా మాత్రమే. ఆవిణ్ణి వదినా అనేదాన్ని. కొండ దిగి పెద్ద ఊరు తీసుకెళ్ళి వాళ్ళే దహనం చేయించారు. క్యాసెట్టు పెట్టి మంత్రాలు వినిపించారు. అంతవరకు జరిగింది. దానాల దగ్గర ఆగిపోయింది.

పోయినవాళ్ళ పేరు మీద గొడుగూ చెప్పులూ దానం ఇవ్వాలి. వాళ్ళు నడవాల్సిన దారిలో ముళ్ళుంటాయట, కాలే ఇసక ఉంటుందట. ఇక్కడ పుచ్చుకున్న మనిషి కాళ్ళకి తొడుక్కుంటే అక్కడ వాళ్ళ కాళ్ళకి చేరుతుందని మావాళ్ళు అనుకుంటారు. గొడుగు సరే, ఏదో చేశాం. చెప్పుల బదులు బావ చలికాలానికని కొనుక్కున్న తోలు బూట్లు ఉన్నాయి. కొత్తవి, ఒక్కసారి కూడా తొడుక్కోలేదు. పుచ్చుకోవడానికి ఆ ఊళ్ళో పంతులుగారెక్కడ దొరుకుతారు?

"చర్చి ముందు పాత బట్టల డబ్బా ఉంది కదా, అందులో వేసెయ్యి" అంది వదిన.

"పుచ్చుకునేవాళ్ళు చెయ్యి చాపాలి కదా వదినా. డబ్బా చాపుతుందా?"

"అయితే గుమ్మం పక్కన పెట్టుకుని రోజూ తుడుచుకో."

ఆవిడ వెక్కిరింతకే అంది. నేను నిజంగానే తుడిచేదాన్ని. బయట మంచు పడుతుంటే ఆ బూట్లు చూసి, ఈ మనిషి ఉత్తకాళ్ళతో ఎంతదూరం పోయాడో అనుకునేదాన్ని. మా అమ్మాయి రెండో క్లాసు అప్పుడు. వెనక్కి వెళ్తే ఎవరో ఒకరి వంటింట్లో చేరాలి. ఉండిపోయాను.

పని దొరికిన సంగతి చెప్తాను. పిల్లని స్కూల్లో దింపి వస్తుంటే స్కీల షాపు వెనక తలుపు తెరిచి ఉంది, లోపలినుంచి ఆకురాయి చప్పుడు వస్తోంది. ఉక్కు మీద ముందుకీ వెనక్కీ రెండు వైపులా రుద్దుతున్నారు ఎవరో. ఆకురాయి ఒక వైపే కోస్తుంది, తిప్పి లాగితే దాని పళ్ళే అరుగుతాయి. నాకు ఒళ్ళు జలదరించి లోపలికి వెళ్ళి చెయ్యి చాపాను. గడ్డం పెంచుకున్న ఒక పొడుగాటాయన నా చీర మీద కోటునీ, నా చేతినీ చూసి, ఏమనుకున్నాడో ఆకురాయి ఇచ్చాడు. షాపు ఆయనదే. నేనాయన్ని షావుకారు అనేదాన్ని, నా మనసులో.

ఇదేదో గొప్ప కథ అనుకునేరు, ఆగండి. మొదటి జతకి నేను కొడవలికి పట్టినట్టు ఈ చివరి నుంచి ఆ చివరికి పదును పెట్టేశాను. షావుకారు వాటిని షాపు వెనక ఉన్న చిన్న వాలు మీదకి తీసుకెళ్ళి రెండంగలు వేశాడో లేదో, స్కీ ముక్కు మంచుని కరుచుకుంది, ఆయన ఎగిరి బోర్లా పడ్డాడు. గడ్డం నిండా మంచుతో వచ్చి నిలబడితే, ఉద్యోగం రాకముందే పోయిందనుకున్నాను.

"నువ్వు పెట్టింది కత్తికి పెట్టే పదును. ఇది కాలికి కట్టుకునేది" అన్నాడు. అంతే, కోప్పడలేదు.

అసలు విషయం అదీ. ఇవి లిఫ్టు ఎక్కి కిందికి జారే స్కీలు కావు. సన్నవి, పొడుగాటివి, మడమ పైకి లేస్తూ ఉంటుంది, వాటితో కొండలు దాటి పోతారు. రెండు పక్కలా సన్నటి ఉక్కు అంచు. గట్టిపడిన మంచు మీద అడ్డంగా నడిచేటప్పుడు మనిషి ప్రాణం ఆ అంచు మీదే ఉంటుంది. పాదం కింద పదును ఉండాలి. ముక్కు దగ్గరా తోక దగ్గరా మటుకు జానెడు మేర సానరాయితో మొద్దు చెయ్యాలి, లేకపోతే అది తన ఇష్టం వచ్చినవైపు లాక్కుపోతుంది. పదును తేలిందో లేదో గోటితో చూసేదాన్ని. అంచు మీద గోరు అడ్డంగా గీస్తే తెల్లటి పొడి రాలాలి. ఆ ఉద్యోగం చేసినన్నాళ్ళూ నా కుడి బొటనవేలికి గోరు పెరగలేదు.

ముందు గదిలో కౌంటరు దగ్గర ఒకావిడ ఉండేది. నాకంటే పెద్దది, పెద్ద గొంతు, ఎప్పుడూ ఏదో అల్లుతూ ఉండేది. నాకు ఇంగ్లీషు నేర్పింది ఆవిడే. మేం మాట్లాడుకున్నది అంతా ఆ ఇంగ్లీషులోనే, మీకు మన మాటల్లో చెప్తున్నాను. పెద్దావిణ్ణి పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాక "అక్కా" అన్నాను. అంటే ఏమిటంది, చెప్పాను. ఆ రోజు నుంచి నన్ను "సిస్టర్" అనేది, కోపం వచ్చినప్పుడు కూడా.

ఆవిడకి ఒక్కడే కొడుకు. ఇరవై దాటినవాడు. మొగుడు ఎప్పుడో వదిలి వెళ్ళిపోయాడు. ఆ అబ్బాయి ఎండాకాలం గనిలో, చలికాలం కొండల మీద ఉండేవాడు. తన స్కీలు నా దగ్గరికి తెచ్చి, బల్ల మీద పడేసి, అరటిపండు తింటూ కూర్చునేవాడు. స్కీలు ఎక్కడ పెట్టినా జతని అడుగు భాగాలు రెండూ కలిపి పట్టీ వేసి కట్టాలి, లేకపోతే అంచులు ఒకదాన్నొకటి గీరుకుంటాయి. ఈ పిల్లవాడు విసిరేసేవాడు. నేను తిట్టేదాన్ని. "యెస్ బాస్" అని వాళ్ళమ్మ వైపు కన్ను కొట్టేవాడు. "నేను ఇరవై ఏళ్ళు చెప్పినా వాడు మంచం మీద దుప్పటి మడతపెట్టలేదు, నువ్వు కట్టించు చూద్దాం" అనేది అక్క.

బావ పోయిన మరుసటి సంవత్సరం, క్రిస్మస్ అయ్యాక, ఆ అబ్బాయి తనతో తిరిగే పిల్లని తీసుకుని కనుమ మీదికి వెళ్ళాడు. పిల్లకి సొంత స్కీలు లేవు. మా షాపు అద్దె స్కీల్లోంచి ముక్కు మీద ఎర్రగీత ఉన్న జత ఇచ్చాం. ఇద్దరివీ నేనే పదును పెట్టాను. మధ్యాహ్నానికి తుఫాను దిగింది. అలాంటిది నేను మళ్ళీ చూడలేదు. షాపు కిటికీలోంచి ఎదుటి లైటు స్తంభం కనపడలేదు.

తుఫాను తగ్గాక పిల్ల దొరికింది. కింద రోడ్డు దగ్గర ముడుచుకుని కూర్చుని ఉందట, స్కీలు కాళ్ళకే ఉన్నాయి. అబ్బాయి లేడు. ఎక్కడ వదిలి వచ్చావంటే చెప్పలేకపోయింది. నువ్వు పో, నేను ఇక్కడ కూర్చుంటానన్నాడు అంది. ఇక్కడ అంటే ఎక్కడ? తెల్లగా ఉంది అంది. చెట్లున్నాయా, రాళ్ళున్నాయా అని ఎన్నిసార్లు అడిగినా తెల్లగా ఉంది అనే. కాలివేళ్ళు తీసేయాల్సి వచ్చింది పాపం. వాళ్ళ అమ్మానాన్నా వచ్చి తీసుకుపోయారు. షావుకారుతో సహా ఊళ్ళో స్కీ వచ్చిన ప్రతివాడూ వెతికాడు. కొండచరియల మీది మంచు విరిగి పడుతోందని, ఇంకొక ప్రాణం పోగొట్టుకోలేమని, వెతకడం ఆపేశారు. మంచు కరిగాక చూద్దాం అన్నారు.

అక్క మళ్ళీ కౌంటరులోకి వచ్చి కూర్చుంది. వచ్చినవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడితే, "మీ కాలి సైజు చెప్పండి" అనేది. అల్లిక మానేసింది. నాకు మొగుడి బూడిదైనా చేతికి వచ్చింది, ఆవిడకి అదీ లేదు. ఆవిడ అడిగింది ఒకటే, కొడుకు ఎక్కడున్నాడో తెలియాలి, తెచ్చి మట్టిలో పెట్టుకోవాలి. బతికున్నాడని ఒక్కనాడూ అనలేదు.

ఎర్రగీత జత షాపుకి తిరిగి వచ్చింది. షావుకారు దాన్ని పక్కన పెట్టమన్నాడు. సెలవుల రద్దీలో ఎవరు తీశారో, మళ్ళీ అద్దె వరసలో చేరింది.

మొదట ఒక పళ్ళ డాక్టరు, టెక్సస్ నుంచి వచ్చినాయన, అద్దెకి తీసుకెళ్ళి సాయంత్రం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. స్కీలు ఎడమకి లాగుతున్నాయన్నాడు. దారి పొడుగూతా కాదట. కనుమ కింద వంతెన రాకముందు ఒక తెల్ల మైదానం ఉంటుంది, అక్కడ మాత్రమేనట. కొత్తవాళ్ళు తమ కాళ్ళు చేసిన తప్పు స్కీ మీద పెడతారు, అలాంటిదే అనుకున్నాను. అయినా చూశాను. ఉక్కు బద్ద అడ్డంగా పెట్టి వెలుగుకెత్తి పట్టాను. అడుగు వంగి ఉంటే బద్ద కింద వెలుగు గీత కనపడుతుంది. కనపడలేదు. అంచు మీద ముల్లు లేచి ఉంటే వేలికి తగులుతుంది. తగల్లేదు. ముక్కు మొద్దుగానే ఉంది. మరికాస్త మొద్దు చేసి వరసలో పెట్టాను.

తర్వాత తీసుకెళ్ళింది ఊళ్ళో బడిపంతులమ్మ. పుట్టినప్పటినుంచీ స్కీల మీద నడిచిన మనిషి. ఆవిడ వచ్చి, జత నా చేతికివ్వకుండా గోడకి ఆనించి, "దీన్ని ఎవరికీ ఇవ్వకు" అంది. ఎందుకని అడిగాను.

"మైదానంలో నీళ్ళు తాగుదామని ఆగాను. నేను ఆగాను. అవి ఆగలేదు."

నేను మళ్ళీ బల్లకి బిగించాను. కుడి, ఎడమ స్కీలు పక్కపక్కన పెట్టి చూశాను. అంచు అరుగుదల చూస్తే మనిషి నడక తెలుస్తుంది, ఏ కాలి మీద భయపడతాడో తెలుస్తుంది. ఎందరో తొడిగిన అద్దె స్కీలకి అందరి నడకా కలిసిపోయి ఏమీ తెలియదు. ఈ జతకి మాత్రం ఎడమ స్కీ బయటి అంచు ముందు భాగం పాలిష్ పెట్టినట్టు మెరుస్తోంది. ఒకే మనిషి ఒకే చోట అదేపనిగా తిరిగి తిరిగి మొగ్గినట్టు. ఆకురాయి పెట్టబోయి ఆగాను. ఎందుకాగానో అప్పుడు తెలియదు. ఉక్కు చల్లగా ఉంటుంది, అది దాని గుణం. పొయ్యి పక్కన రాత్రంతా ఉన్నది తెల్లారాక కూడా అంత చల్లగా ఉండకూడదు.

షావుకారుకి చెప్పాను. నవ్వాడు. తనే తొడుక్కుని వెనక వాలు మీద జారి చూపించాడు, సూదిలా తిన్నగా పోయాయి. "చూశావా" అని, అవే తొడుక్కుని కనుమ వైపు వెళ్ళాడు. మధ్యాహ్నం దాటాక వచ్చాడు. వచ్చి నా ఎత్తుపీట మీద కూర్చున్నాడు. గడ్డంలో మంచు కరిగి చొక్కా తడుస్తోంది, తుడుచుకోలేదు. కాఫీ ఇస్తే పట్టుకుని కూర్చున్నాడు.

"వెతికేటప్పుడు ఆ మైదానం నేనే అడ్డంగా దాటాను" అన్నాడు. "ఎన్నిసార్లు దాటానో." కాఫీ తాగకుండానే బల్ల మీద పెట్టి, "పొద్దున దాన్ని రంపంతో కోసి పొయ్యిలో పెట్టెయ్యి" అన్నాడు.

తలుపు దగ్గర అక్క నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో మేం చూడలేదు.

"ముట్టుకోకండి" అంది. "ఎటు లాగుతాయో నేను చూస్తాను."

షావుకారు వద్దన్నాడు. కారణం ఉంది. ఏప్రిల్ వచ్చింది. పగలు కరిగిన మంచు రాత్రికి గట్టిపడి పొద్దున్నే గాజు పెంకులా ఉంటుంది. మైదానం చేరాలంటే ముందు వాగు మీదికి దిగే వాలుని అడ్డంగా దాటాలి. పట్టు జారితే తిన్నగా వాగులోకే. అక్క స్కీలు తొడిగి చాలా ఏళ్ళయింది. మధ్యాహ్నం మంచు మెత్తబడ్డాక వెళ్దామంటే అప్పుడు పైనుంచి విరిగి పడుతుంది. మే దాటనివ్వు, కరిగాక అందరం వెతుకుదాం అని బతిమాలాడు.

"కరిగేదాకా నేను ఆగుతాను. నక్కలు ఆగుతాయా?" అంది అక్క. ఆయన లేచి గోడకున్న పార తీశాడు.

ఆవిడ నా వైపు తిరిగింది. "సిస్టర్, రేపు పొద్దుటికి సిద్ధం చెయ్యి."

ఇదిగో, నా ఉద్యోగం మొత్తంలో నేను నిజంగా ఆలోచించి చేసిన పని ఇదొక్కటే. ఉన్నది ఉన్నట్టు ఇస్తే ఆ అంచులు గాజుమంచు మీద నిలవవు. అరిగి ఉన్నాయి, ఆవిడ జారి వాగులో పడుతుంది. మామూలుగా చేసేటట్టు ముక్కు నుంచి తోక దాకా ఆకురాయి పెట్టి సమం చేస్తే ఆ లాగుడు పోవచ్చు. పోతే ఆవిడకి కొడుకు దొరకడు. బల్లకి బిగించి ఎదురుగా కూర్చున్నాను. మా నాన్న ఉంటే అడిగేదాన్ని.

ఆఖరికి పాదం కింద వచ్చే భాగానికి మాత్రం, మూరెడు మేర, రెండు వైపులా గట్టిగా పదును పెట్టాను. గోరు గీస్తే పొడి కాదు, పొట్టు లేచింది. ముందు భాగం ముట్టుకోలేదు. ఆ లాగుడు ఇనుములో ఉంటే ముక్కు దగ్గరే ఉంటుంది, అలాగే ఉండనీ అనుకున్నాను. ఇనుములో లేకపోతే నా ఆకురాయి ఎలాగూ దాన్ని అందుకోలేదు.

పొద్దున మా పిల్లని వదిన దగ్గర దింపాను. సంగతి చెప్పక తప్పలేదు.

"స్కీలు దారి చూపిస్తాయా? నీకేమైనా పిచ్చా?" అంది వదిన. "ఎవరైనా వింటే ఇండియన్స్ అందరూ ఇంతే అనుకుంటారు. డాక్టరుగారికి ప్రాక్టీసు ఉండద్దూ?"

"ఇది ఇండియన్స్ చెప్పింది కాదు వదినా, పళ్ళ డాక్టరు చెప్పాడు."

వదిన లోపలికి వెళ్ళి, ఫ్లాస్కులో టీ పోసి నా చేతిలో పెట్టింది. ఉన్ని టోపీ తెచ్చి తనే నా నెత్తిన లాగి, చెవులు కప్పింది.

ముగ్గురం బయల్దేరాం. ముందు అక్క, వెనక నేను, నా వెనక పార భుజాన వేసుకుని షావుకారు. నాకు స్కీ రాదు. తెడ్డుల్లాంటి మంచు చెప్పులు కట్టుకుని నడిచాను. గాలి లేదు. పిట్ట అరవలేదు. వాలు దగ్గర అక్క ఒక్క క్షణం ఆగి, అడ్డంగా అడుగు వేసింది. అంచు మంచులోకి దిగిన చప్పుడు నాకు వినిపించింది, కొబ్బరికాయ కోరుతున్నప్పుడు కోరాము పట్టిన చప్పుడులాంటిది. రెండో అడుగు. మూడో అడుగు. కింద మంచుపొర అడుగున వాగు గొణుగుతోంది. మధ్యలో ఒకసారి ఆవిడ ఒళ్ళు వెనక్కి తూలింది. అంచు వదల్లేదు.

మైదానం చేరాం. దాన్ని చూశాక ఆ పిల్ల చెప్పింది అర్థమైంది. తెల్లగా ఉంది. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు అక్కడ.

అక్క నిలబడింది. చేతికర్రలు రెండూ మంచులోంచి పైకెత్తి చంకలో పెట్టుకుంది. మోకాళ్ళు వదులు చేసింది. మేం వెనకే నిలబడ్డాం. కాసేపు ఏమీ జరగలేదు. షావుకారు ఊపిరి వదిలాడు. అప్పుడు స్కీలు కదిలాయి.

జారలేదు. జారితే వేగం పెరుగుతుంది కదా. ఇవి వేగం పెరగకుండా, ఆగకుండా, గుడ్డివాళ్ళని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళినట్టు తీసుకెళ్ళాయి. తిన్నగా ఉన్న బాట వదిలి ఎడమకి. అక్క తోయడం లేదు, కాళ్ళు మార్చడం లేదు. వెనక మంచు మీద రెండు గీతలు పడుతున్నాయి, సుద్ద తాడు లాగి కొట్టినట్టు సమంగా. మైదానం కంటికి తెలియనంత వాలుగా ఉండి ఉంటుందని షావుకారు తర్వాత అన్నాడు. ఉండి ఉండొచ్చు. మేం ఆ గీతల వెంట నడిచాం.

మైదానం అంచున, కొండ మొదలయ్యే చోట, ఒక మంచు దిబ్బ. అలాంటివి అక్కడ ఎన్నో ఉన్నాయి. స్కీల ముక్కులు ఆ దిబ్బని తాకి ఆగాయి. అక్క కదలకుండా నిలబడింది. ముక్కులు మాత్రం సన్నగా వణుకుతున్నాయి, చాలాసేపు.

షావుకారు తవ్వాడు. పారకి చెక్క తగిలింది. ఎప్పుడో బంగారం కోసం తవ్వుకున్నవాళ్ళు కట్టుకున్న గుడిసె అది, సగం కూలిపోయి, మంచు కిందికి వెళ్ళిపోయి, ఊళ్ళో ఎవరికీ గుర్తు లేనిది. తలుపు సందు చేసి ఆయన లోపలికి దూరాడు. కాసేపటికి బయటికి వచ్చి అక్క ముఖం చూసి, పక్కకి తప్పుకుని దారి ఇచ్చాడు. ఆవిడ వెళ్ళింది. తర్వాత నేను వెళ్ళాను.

అబ్బాయి గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు, నిద్రపోయినట్టు. కాళ్ళకి ఏమీ లేదు. బూట్లు విప్పి పక్కన పెట్టుకున్నాడు, చలి ముదిరితే ఒళ్ళు మండినట్టయి అలా విప్పేస్తారట. ఈ స్కీలకి బూటు ముక్కు కింద మూడు చిల్లులుంటాయి, స్కీ మీది మేకులు వాటిలో దిగుతాయి. ఎడమ బూటుకి ఆ చిల్లులు మూడూ చిరిగి, అట్ట ఊడి, నోరు తెరుచుకుని ఉంది. చిరిగిన బూటుకి స్కీ నిలవదు. లోతు మంచులో స్కీ లేకుండా నాలుగు అడుగులు వెయ్యలేరు. అందుకే పిల్లని పంపించి తను ఆగిపోయాడు. ఎందుకాగాడో కూడా మాకప్పుడే తెలిసింది.

ఆ పక్క గోడకి అతని స్కీలు నిలబెట్టి ఉన్నాయి. అడుగులు రెండూ కలిపి, పట్టీ వేసి, చక్కగా కట్టి.

"కట్టాడు చూడు" అంది అక్క. "నీ మాట విన్నాడు." ఆ గుడిసెలో ఆవిడ మాట్లాడింది అంతే.

ఊళ్ళో శవాన్ని సిద్ధం చేసేవాళ్ళు బట్టలు తెమ్మన్నారు. అక్క కోటూ ప్యాంటూ తీసుకెళ్ళింది. బూట్లు అక్కర్లేదన్నారట, పెట్టెలో కాళ్ళ వైపు మూత మూసే ఉంటుంది, ఎవరికీ కనపడవని. సాయంత్రం మా ఇంటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది. అంతవరకు ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

"ఆఖరికి ఉత్తకాళ్ళతో కూర్చున్నాడు సిస్టర్. ఇప్పుడు కూడా ఉత్తకాళ్ళతోనే పంపమంటున్నారు."

నేను లోపలికి వెళ్ళి గుమ్మం పక్కనున్న బూట్లు తెచ్చాను. ఆవిడకి చెప్పాను, అవి ఎవరివో, ఎందుకు అక్కడ ఉండిపోయాయో, మా వైపు ఏమనుకుంటారో, పుచ్చుకునే చెయ్యి దొరక్క ఎలా తుడుచుకుంటూ కూర్చున్నానో. నాకున్న ఇంగ్లీషు మొత్తం అయిపోయింది ఆ చెప్పడంలో. ఆవిడ బూటు తిప్పి సైజు చూసింది. అలవాటు కదా.

"వాడి సైజే" అంది.

"పుచ్చుకుంటావా అక్కా?"

ఆవిడ కళ్ళు తుడుచుకుని, రెండు చేతులూ చాపింది.

ఎర్రగీత జతని షావుకారు కోయించలేదు. ఆ తర్వాతి వారం నేను ముక్కు నుంచి తోక దాకా మామూలుగా సమం చేసి వరసలో పెట్టాను. ఇంకా చాలా ఏళ్ళు అద్దెకి తిరిగింది. పడ్డవాళ్ళు పడ్డారు, తిట్టినవాళ్ళు తిట్టారు. ఎడమ అని ఒక్కరూ అనలేదు. నేను ఎనభైల చివరిదాకా అక్కడే పని చేశాను. అక్క పోయేదాకా మాట్లాడుకుంటూనే ఉన్నాం, ఆ ఒక్క రోజు గురించి తప్ప.

మీరు చదువుకున్నవాళ్ళు. మైదానం వాలు గురించి, ఉక్కు వంపు గురించి మీకు ఏదో ఒక సమాధానం దొరుకుతుంది. దొరికితే నాకూ చెప్పండి, వింటాను.

అబ్బాయిని మట్టి చేసి ఇంటికి వచ్చాక మా అమ్మాయి గుమ్మం పక్క ఖాళీ చూసింది. నాన్న బూట్లు ఏవి అంది. ఇచ్చేశానన్నాను, ఎవరికిచ్చానో చెప్పాను. "మరి నాన్న ఏం తొడుక్కుంటాడు?" అంది.

"జత ఒకటే, మనుషులు ఇద్దరు" అన్నాను. "దారి పొడుగే కదా. వంతులు వేసుకుంటారులే."